అదృష్టం కనిపించదు, ధమ్మం కనిపిస్తుంది
(లాటరీ, జూదం గురించి ఉపాసక ఉపాసికలకు నాలుగు మాటలు)

పోయిన వర్షావాసంలో ఒక ఆదివారం. మా విహారంలో త్రిశరణం, పంచశీలం అయిపోయాయి. ఆడవాళ్ళు చాపలు చుడుతున్నారు. మా పేట కుర్రాడొకడు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాసేపు నసిగి అడిగాడు.

"అన్నా, పంచశీలలో తాగొద్దని ఉంది, ఇవ్వనిది తీసుకోవద్దని ఉంది. లాటరీ ఆడొద్దని మాత్రం ఎక్కడా లేదు కదా?"

వాదన కోసం అడుగుతున్నాడనుకున్నాను. కాదు. సెల్ ఫోన్‌లో ఏదో ఆట పెట్టుకుని ముప్పై ఎనిమిది వేలు పోగొట్టాడు. అది వాళ్ళ నాయన ఆటోకి ఫైనాన్సు వాయిదాలు కట్టాల్సిన డబ్బు. శీలం తప్పలేదు అనిపించుకుంటే కొంచెమైనా ఊరట దొరుకుతుందని నా దగ్గరకొచ్చాడు.

ఆ రోజు నిలబడే ఏదో సగం సగం చెప్పి పంపించాను. ఇంటికి వెళ్ళాక నాకే తృప్తిగా అనిపించలేదు. ఆ పిల్లాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. బాబాసాహెబ్ చూపించిన దారిలోకి వచ్చిన మనం గుడి మానుకున్నాం, ముహూర్తం మానుకున్నాం, జాతకం మానుకున్నాం. కానీ "అదృష్టం" అనే దేవుణ్ణి ఇంట్లోంచి పంపించామా? మిగతా సగం జవాబు ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా ఇంట్లో ట్రంకు పెట్టె

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. లేకపోతే ఈయన మనకి నీతులు చెప్పడానికి వచ్చాడనుకుంటారు.

మా నాయన తాపీ పని దగ్గర కూలీ. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా ఊరి బస్టాండు పక్కన లాటరీ కొట్టు ఉండేది. రంగు రంగుల టికెట్లు దండలు కట్టి వేలాడేసేవాళ్ళు. ఎక్కడెక్కడి రాష్ట్రాల టికెట్లో అవి. ఆ తర్వాత సింగిల్ నంబరు ఆట వచ్చింది. ఒకటే అంకె, సాయంత్రానికల్లా ఫలితం. పని దిగి ఇంటికొచ్చే కూలీ ఆ కొట్టు దాటి రావాలి. మా నాయన దాటలేకపోయాడు.

ఒకసారి ఐదొందలు తగిలింది. ఇంటికి మాంసం తెచ్చాడు, అమ్మకి చీర తెచ్చాడు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మా ఇంటికి నష్టం జరిగింది ఓడిన రోజుల వల్ల కాదు, ఆ గెలిచిన రోజు వల్ల. అప్పటిదాకా నాయన పది రూపాయలతో ఆగేవాడు. ఆ తర్వాత "ఒకసారి వచ్చింది, మళ్ళీ రాదా" అనే మాట పట్టుకుంది.

ఆ ఏడు మా అక్క పదో తరగతి పాసైంది. ఇంటర్లో చేర్చడానికి అమ్మ కూడబెట్టిన డబ్బు డబ్బాలో లేదు. అక్క మిరపకాయల కోతకి వెళ్ళింది. రెండేళ్ళకి పెళ్ళి చేశారు. క్లాసులో నాకంటే ఎప్పుడూ ముందుండే మనిషి ఆమె. నేను బీఏ చదివాను, ఆమె చదవలేదు. ఇద్దరి మధ్య తేడా తెలివిలో లేదు. లాటరీ కొట్టు మా ఇంటి దారిలో ఉండటంలో ఉంది.

నాయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే బట్టల అడుగున టికెట్లు కట్టలు కట్టలుగా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. ఎందుకు దాచాడో తెలియదు. అమ్మ ఒక్క మాటే అంది: "ఆయన తలరాత." నేను ఆ రోజు ఏమీ అనలేదు. ఇవాళ అంటున్నాను. అది తలరాత కాదు. ఎవరో అచ్చు వేసి, ఎవరో అమ్మి, ఎవరో లాభం తిన్న రాత.

రాజులు నడిపిన జూదం

లాటరీ ఈ మధ్య పుట్టిందేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదశాల మీద ఒక అధికారి ఉంటాడు. గెలిచినవాడి దగ్గర నూటికి ఐదు పాళ్ళు రాజు ఖజానాకి వసూలు చేస్తాడు. జూదం చెడ్డదే, ఆదాయం మాత్రం మంచిది! ఆ కాలపు ఆర్య సమాజంలో జూదం ఎంత ముదిరిందో, పాచికల పందేలకి ఎన్నెన్ని పేర్లు పెట్టుకున్నారో బాబాసాహెబ్ ప్రాచీన భారతదేశంలోని విప్లవం, ప్రతివిప్లవం గురించి రాసినప్పుడు వివరించారు. రాజ్యాన్నీ తమ్ముళ్ళనీ చివరికి భార్యనీ పందెం ఒడ్డినవాడికి ఈ దేశం ఇచ్చిన బిరుదు "ధర్మరాజు". ఇక మీరే ఆలోచించుకోండి.

బయటి దేశాల్లో కూడా కథ ఇంతే. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి ఓడరేవుల మరమ్మత్తు కోసం లాటరీ పెట్టింది. 1569లో డ్రా తీశారు. అక్కడ ప్రభుత్వ లాటరీ వందల ఏళ్ళు నడిచి, దాని చెడు భరించలేక 1826లో ఆగిపోయింది. మళ్ళీ 1994 నవంబరులో "నేషనల్ లాటరీ" పేరుతో తిరిగొచ్చింది. అమెరికాలో కూడా పందొమ్మిదో శతాబ్దం చివరికి దాదాపు అన్ని రాష్ట్రాలూ మూసేశాయి. 1964లో న్యూ హాంప్‌షైర్ మళ్ళీ తెరిచింది. పన్నులు పెంచకుండా బడులకి డబ్బు కావాలి, అదీ కారణం. స్పెయిన్‌లో 1812లో యుద్ధ ఖర్చుల కోసం మొదలైన క్రిస్మస్ లాటరీ ఇప్పటికీ ఏటా డిసెంబరు 22న నడుస్తోంది. ఒక పాత అనాథ పాఠశాల పిల్లలు నంబర్లని పాటలాగా పాడతారు. దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది.

మన దేశంలో కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టింది. మొదటి డ్రా 1968 జనవరి 26న. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు. ఇప్పుడు ఓనం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు, టికెట్టు ఐదొందలు. పక్కనే ఉన్న తమిళనాడు 2003లో లాటరీని నిషేధించింది. కేంద్రం 1998లో చట్టం చేసి సింగిల్ నంబరు లాటరీని ఆపింది, ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రా కంటే ఎక్కువ ఉండకూడదంది. దానికీ దారి దొరికింది. ఏడు రోజులకి ఏడు పేర్లతో ఏడు లాటరీలు పెడితే సరిపోయె!

గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళ సంగతి మీకు తెలిసిందే. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వెళ్ళిన కూలీలు గదిలో పదిమంది కలిసి చందా వేసుకుని అబుదాబి బిగ్ టికెట్ కొంటారు. టికెట్టు ఐదొందల దిర్హాములు. నెలకి వెయ్యి, పన్నెండొందలు వచ్చే మనిషికి అది ఎంత బరువో లెక్క వేసుకోండి. ఒక తెలుగు అతనికి తగిలిందని పేపర్లో ఫోటో వస్తుంది. ఆ ఫోటో చూసి ఎన్ని వేలమంది కొంటారో ఏ పేపరూ రాయదు. ఓడిపోయినవాళ్ళ ఫోటోలు వెయ్యాలంటే పేపరు చాలదు కదా.

ఇన్ని దేశాల్లో ఒక్క సంగతి మాత్రం మారలేదు. ఖజానా నింపాలి, ఉన్నవాడి మీద పన్ను వెయ్యడానికి ధైర్యం లేదు, అప్పుడు లేనివాడికి ఆశ అమ్ముతారు.

లెక్క చూద్దాం

బుద్ధుడు ఎవరి మాటా గుడ్డిగా నమ్మొద్దన్నాడు, నా మాట కూడా నమ్మొద్దు, లెక్క చూడండి.

ఇంగ్లండు లాటరీలో మొదట్లో 49 అంకెల్లోంచి ఆరు సరిగ్గా చెప్పాలి. అది తగిలే అవకాశం 1 కోటి 39 లక్షల 83 వేల 816లో ఒకటి. 2015లో 49ని 59 చేశారు. పెరిగింది పది అంకెలే. కానీ అవకాశం 4 కోట్ల 50 లక్షల 57 వేల 474లో ఒకటికి పడిపోయింది. అంటే దాదాపు ఆంధ్రప్రదేశ్ జనాభా అంతా ఒక మైదానంలో నిలబడితే, కళ్ళకి గంతలు కట్టుకున్నవాడు వచ్చి మీ ఒక్కరి భుజమే పట్టుకోవాలి. అమెరికా పవర్‌బాల్‌లో అయితే 29 కోట్లలో ఒకటి.

మనలో సుత్తాలు చదివినవాళ్ళకి గుడ్డి తాబేలు ఉపమానం గుర్తొచ్చి ఉంటుంది. మహాసముద్రంలో ఒకే ఒక్క రంధ్రం ఉన్న కాడి గాలికి అటూ ఇటూ కొట్టుకుపోతూ ఉంటుంది. నూరేళ్ళకొక్కసారి పైకి వచ్చే గుడ్డి తాబేలు తల సరిగ్గా ఆ రంధ్రంలో దూరడం ఎంత అరుదో, మనిషిగా ఉండే అవకాశం అంత అరుదని తథాగతుడు భిక్షువులకి చెప్పాడు. ఎందుకు చెప్పాడు? తాబేలు మీద పందెం కాయమని కాదు. చేతిలో ఉన్న ఈ మనిషి బతుకుని పాడు చేసుకోవద్దని. ఇంత అరుదైన బతుకుని మనం మళ్ళీ ఇంకో గుడ్డి తాబేలు కోసం సముద్రం ఒడ్డున కూర్చోబెడుతున్నాం.

ఇంకో చిన్న లెక్క. రోజుకి యాభై రూపాయల టికెట్టు. ఏడాదికి 18,250. పదేళ్ళకి వడ్డీ లేకుండా 1,82,500. ఇది గుడ్డి తాబేలు కాదు, కళ్ళెదుట ఉండే డబ్బు. ఒక ఆడపిల్ల ఇంటర్, డిగ్రీ. మా అక్క ఇంటర్, డిగ్రీ.

పంచశీలలో ఉందా, లేదా?

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకి వద్దాం. అయిదో శీలం మనందరికీ నోటికొచ్చు. కానీ చివర్లో వచ్చే "పమాదట్ఠాన" అనే మాట దగ్గర ఎప్పుడైనా ఆగామా? పమాదం అంటే ఏమరుపాటు, తెలివి జారిపోవడం. ఠానం అంటే చోటు. మనిషిని ఏమరుపాటులోకి నెట్టే చోటు అని అర్థం. మత్తు పానీయాలని వదలమన్నది అందులో నీళ్ళున్నాయని కాదు, తెలివి జారే చోటు కాబట్టి.

దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఉంది. గృహస్థుల వినయం అని దానికి పేరు. రాజగృహంలో తడి బట్టలతో ఆరు దిక్కులకీ మొక్కుతున్న సిగాలుడనే యువకుడికి బుద్ధుడు చెప్పిన మాటలవి. ఆస్తిని కరిగించే దారులు ఆరు అని అందులో చెప్పాడు. అందులో మొదటిది తాగుడు. నాలుగోది జూదం. దాన్ని ఆయన ఏ మాటతో చెప్పాడో తెలుసా? "జూతప్పమాదట్ఠానం." అదే మాట! తాగుడికి ఏ మాట వాడాడో జూదానికీ అదే మాట వాడాడు. కాబట్టి తమ్ముడూ, పేరు పెట్టి లేకపోవచ్చు గానీ, నువ్వు ప్రతి ఆదివారం చేతులు జోడించి తీసుకుంటున్న శీలం తలుపు వెనకాలే లాటరీ కూడా నిలబడి ఉంది.

జూదం వల్ల ఆరు నష్టాలు వస్తాయని అక్కడే చెప్పాడు. గెలిచినవాడు పగ సంపాదించుకుంటాడు. ఓడినవాడు పోయిన సొమ్ము తల్చుకుని కుమిలిపోతాడు. ఉన్న ఆస్తి కళ్ళెదుటే తరిగిపోతుంది. నలుగురిలో అతని మాట చెల్లదు. స్నేహితులూ తోటివాళ్ళూ చిన్నచూపు చూస్తారు. పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారు, పెళ్ళాన్ని పోషించలేడని. రెండున్నర వేల ఏళ్ళ కింద చెప్పిన మాటలు. మన పేటలో ఏ ఇంటికైనా వెళ్ళి సరిచూసుకోండి. ఇందులో నరకం ఊసు లేదు, దేవుడి కోపం ఊసు లేదు. అప్పు, పరువు, పెళ్ళి సంబంధం. అన్నీ కంటికి కనిపించేవే.

మొదటి నష్టం చూడండి. మిగతా అయిదూ ఓడినవాడివి. మొదటిది మాత్రం గెలిచినవాడిది. లాటరీలో గెలిచిన సొమ్ము ఆకాశం నుంచి పడదు. ఓడిన లక్షలమంది జేబుల్లోంచి వస్తుంది. అందులో ఒకరి మందుల డబ్బు ఉంటుంది, ఒకరి ఫీజు డబ్బు ఉంటుంది. వాళ్ళంతా ఇష్టపడే ఇచ్చారు కదా అంటాం. నిజమే, అది దొంగతనం కాదు. కానీ టికెట్టు కొనేటప్పుడు మనసులో ఏముంటుంది? అందరూ ఓడాలి, నేనొక్కణ్ణే గెలవాలి. మైత్రి భావన చేసే మనసులో ఈ కోరికకి చోటెక్కడ?

ఇప్పుడు "అదృష్టం" అనే మాటే చూడండి. దృష్టం అంటే కనిపించేది. అదృష్టం అంటే కనిపించనిది. ధమ్మవందనలో ధమ్మానికి మనం ఏ పేరు పెట్టి వందనం చేస్తున్నాం? "సందిట్ఠికో", ఇక్కడే ఇప్పుడే కంటికి కనిపించేది. "ఏహిపస్సికో", వచ్చి చూడమని పిలిచేది. ఒకటి కనిపించనిది, ఇంకొకటి వచ్చి చూడమనేది. ఒకే చేత్తో రెండింటినీ పట్టుకోలేం.

ఒక బానిస గెలిచిన లాటరీ

"సరే అన్నా, ఓడినవాడి సంగతి సరే. నిజంగా గెలిస్తే బతుకు మారదా?" అని మీరు అడగొచ్చు. మారుతుంది. కాదనను. అలా మారిన ఒక మనిషి కథ చెబుతాను.

అమెరికాలో దక్షిణ కరొలినా రాష్ట్రం, చార్లెస్టన్ పట్టణం. డెన్మార్క్ వీసీ అనే నల్లజాతి బానిస ఉండేవాడు. 1799లో ఊరి లాటరీలో అతనికి 1,500 డాలర్లు తగిలాయి. అందులో 600 డాలర్లు యజమానికి కట్టి తన స్వేచ్ఛని తానే కొనుక్కున్నాడు. వడ్రంగి పని చేసుకుని బతికాడు. ఇంతకంటే పెద్ద లాటరీ ప్రపంచంలో ఎవరికి తగిలి ఉంటుంది? బానిసత్వం నుంచే బయటపడ్డాడు.

కానీ అతని భార్యాపిల్లలు బానిసలుగానే ఉండిపోయారు. చేతిలో డబ్బున్నా వాళ్ళని విడిపించుకోలేకపోయాడు. తాను స్వేచ్ఛగా వీధిలో నడుస్తుంటే సొంత పిల్లలు ఇంకొకరి ఆస్తి. అప్పుడతనికి అర్థమైంది, ఒక్కడి అదృష్టం జాతి స్వేచ్ఛ కాదని. మనుషుల్ని కూడగట్టాడు. నల్లవాళ్ళు తమ ప్రార్థనాలయం తాము కట్టుకుంటే అందులో నిలబడ్డాడు. 1822లో తిరుగుబాటుకి సిద్ధం చేశాడు. బయటపడిపోయింది. ఆ జులై 2న అతన్ని ఉరి తీశారు. ఆ కేసులో మొత్తం 35 మందిని ఉరి తీశారు. ఆ హింస దారిని మనం అనుసరించాలని నేను చెప్పడం లేదు, మనది బుద్ధుడి దారి. కానీ ఆ మనిషికి తెలిసిన సత్యం మనకీ తెలియాలి.

ఒక్కసారి ఊహించండి. 1927 మార్చి 20. మహాడ్‌లో బాబాసాహెబ్ వేల మందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువు దగ్గరికి నడుస్తున్నారు. ఊరి పెద్దలు ఎదురొచ్చి, "గొడవెందుకు, ఏటా చీటీ తీస్తాం, పేరొచ్చిన ఒక్క కుటుంబం ఈ చెరువు నీళ్ళు తాగొచ్చు, వాళ్ళకి వెండి బిందె కూడా ఇస్తాం" అని ఉంటే? మనలో ఎంతమంది ఇంటికి తిరిగిపోయి చీటీ కోసం ఎదురుచూసేవాళ్ళం? వచ్చే ఏడు మన పేరు రావచ్చు కదా అని పక్కింటివాడితో కలిసి నడవడం మానేసేవాళ్ళం కాదా?

బాబాసాహెబ్ చీటీ అడగలేదు. అందరికీ నీళ్ళు అన్నారు. దెబ్బలు తిన్నారు, కేసులు నడిపారు, 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. హక్కుకీ అదృష్టానికీ తేడా అదే. హక్కు వస్తే అందరికీ వస్తుంది. అదృష్టం వస్తే ఒక్కడికి వస్తుంది, మిగతావాళ్ళని క్యూలో నిలబెడుతుంది.

పూర్వజన్మ కర్మ వల్లే పేదవాడు పేదవాడయ్యాడన్న సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో ఎందుకు తోసిపుచ్చారు? అది పేదల గురించి సమాజానికీ ప్రభుత్వానికీ ఉన్న బాధ్యతని ఎగ్గొట్టడానికి పనికొచ్చే సిద్ధాంతం కాబట్టి. లాటరీ కూడా అదే పని చేస్తుంది, కొంచెం రంగు కాగితంతో. "నీ బతుకు బాగుపడకపోతే మా తప్పు కాదు, నీ నంబరు రాలేదు" అంటుంది.

కొన్ని సందేహాలు

"లాటరీ డబ్బుతో ఆసుపత్రి ఖర్చులు ఇస్తున్నారు కదా?" ఇస్తున్నారు. కేరళలో 2011లో కారుణ్య అనే లాటరీ పెట్టి రోగులకి సాయం చేశారు. ఎంతోమంది వికలాంగులు టికెట్లు అమ్ముకుని బతుకుతున్నారు. వాళ్ళని మనం ఒక్క మాట కూడా అనకూడదు. కానీ పేదవాడి రోగానికి పేదవాడి జేబులోంచే తీసి ఇవ్వడాన్ని దానం అనలేం. బాబాసాహెబ్ 1927లో బొంబాయి శాసన మండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ, పేద రైతూ ధనిక రైతూ ఒకే తీరున భూమిశిస్తు కట్టడం అన్యాయమన్నారు. కట్టగలిగిన శక్తిని బట్టే పన్ను ఉండాలి. లాటరీ శక్తి చూడదు. ఎవడికి ఆశ ఎక్కువో వాడి దగ్గర ఎక్కువ తీసుకుంటుంది. ఆశ ఎక్కువ ఎవరికుంటుంది? వేరే దారి మూసుకుపోయినవాడికి.

"చీటీ పాట కూడా తప్పేనా?" కాదు. చీటీ పాటలో నువ్వు కట్టింది పాట తగ్గింపు పోను నీకే తిరిగొస్తుంది. రిజిస్టరైన చిట్టీలకి 1982 చట్టం ఉంది. తెలిసిన మనుషులు, రాసిన లెక్క ఉంటే అది పొదుపే. కానీ "నెలకి వెయ్యి కట్టు, డ్రాలో బండి తగిలితే మిగతా వాయిదాలు కట్టక్కర్లేదు" అనే లక్కీ డ్రా స్కీములు వేరు. అవి జూదానికి పొదుపు చొక్కా తొడిగినవి. అలాంటివి నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. మన పేటల్లో ఏజెంట్లుగా తిరిగేది మన బంధువులే కాబట్టి కాదనలేకపోతున్నాం. కాదనండి.

"చీటీ తియ్యడమే తప్పా?" అదీ కాదు. బౌద్ధ సంఘంలో శలాకలు ఉండేవి, చిన్న పుల్లలు. విందు పిలుపులు తక్కువగా ఉంటే శలాక తీసి భోజనం పంచుకునేవారు. అక్కడ ఎవరూ పందెం ఒడ్డలేదు, ఎవరి సొమ్మూ పోలేదు. అదే శలాకతో ఓటు కూడా వేసేవారు. సంఘాల్లో రహస్య ఓటింగు ఉండేదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గుర్తు చేశారు. ఒకే పుల్ల. జూదరి చేతిలో పడితే ఇల్లు అమ్మిస్తుంది, సంఘం చేతిలో పడితే ప్రజాస్వామ్యం అవుతుంది. మన చేతిలో ఉన్న అసలైన చీటీ ఓటు. దాన్ని రెండు వేలకి అమ్ముకుని, ఆ రెండు వేలతో ఫోన్లో పందెం ఆడితే ఇంకేం మిగిలింది?

"ఇప్పుడు చట్టం ఉంది కదా, ఇంకా భయమెందుకు?" తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కానీ బస్టాండు పక్కన కొట్టుకి షట్టరు వెయ్యొచ్చు. దిండు కింద ఫోనుకి షట్టరు ఎవరు వేస్తారు? అది శీలం వెయ్యాల్సిందే, ఇంటి మనుషులు వెయ్యాల్సిందే.

మరి ఏం చెయ్యాలి?

కోలియుల పట్టణంలో దీఘజాణు అనే గృహస్థుడు బుద్ధుడి దగ్గరకొచ్చి, మేం పెళ్ళాం పిల్లలతో, డబ్బు వ్యవహారాలతో బతికేవాళ్ళం, మా బతుకుకి పనికొచ్చేది చెప్పండి అని అడిగాడు. వ్యగ్ఘపజ్జ సుత్తం అదే. బుద్ధుడు నాలుగు చెప్పాడు. కష్టపడి నేర్పుగా సంపాదించు. సంపాదించింది కాపాడుకో. మంచివాళ్ళతో స్నేహం చెయ్యి. వచ్చేదాన్ని బట్టి ఖర్చు పెట్టు, కంసాలి తక్కెడ పట్టుకున్నట్టు, ఎటు ఎంత మొగ్గుతోందో చూసుకుంటూ. ఆస్తిని చెరువుతో పోల్చాడు. చెరువుకి నీళ్ళొచ్చే దారులు మూసి, పోయే దారులు తెరిస్తే, వాన కూడా పడకపోతే ఏమవుతుంది? పల్లెటూరి మనిషికి వివరించక్కర్లేదు. ఆ పోయే దారుల్లో జూదం ఒకటి.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేవి ఇవి.

ఇంటి లెక్క పుస్తకంలో రాయండి. భార్యాభర్తలిద్దరూ చూడాలి, ఎదిగిన పిల్లలు కూడా చూడాలి. దాచిన లెక్క ఉన్నచోటే తెలివి జారుతుంది. మా నాయన టికెట్లు బట్టల అడుగున దాచాడు గుర్తుందా?

సంపాదనని నాలుగు భాగాలు చేసి ఒకటి తినడానికి, రెండు పనికీ వ్యాపారానికీ, ఒకటి ఆపద కోసం దాచమని సిగాలుడికి చెప్పాడు. కూలి డబ్బులకి అంత వీలుకాదని నాకు తెలుసు. నాలుగో భాగం కుదరకపోతే నలభయ్యో భాగం. మొదలుపెట్టడమే ముఖ్యం. మహిళా పొదుపు సంఘాలు మన ఆడవాళ్ళు నడిపి చూపించారు, మగవాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే తిట్టకండి. సిగ్గుతో మనిషి ఇంకా లోపలికి పోతాడు, పోయింది రాబట్టాలని ఇంకో పందెం వేస్తాడు, అప్పుల యాప్‌లలో పడతాడు. కొందరు ప్రాణమే తీసుకుంటున్నారు. పోయింది పోయిందని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. పక్కన కూర్చోండి. ఎంత పోయింది, ఎవరికి బాకీ ఉందో కాగితం మీద రాయించండి. అవసరమైతే ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి, అందులో తప్పేమీ లేదు. కల్యాణమిత్రుడంటే మైకులో ఉపన్యాసం చెప్పేవాడు కాదు, ఆ కాగితం రాస్తుంటే పక్కన కూర్చునేవాడు.

మా కుర్రాడి దగ్గర మేం అదే చేశాం. విహారంలో నలుగురం కూర్చుని వాళ్ళ నాయనకి సంగతి చెప్పాం. ఆయన కొట్టడానికి లేచాడు, తర్వాత ఏడ్చాడు. ఫైనాన్సు వాళ్ళ దగ్గర గడువు తీసుకున్నాం. ఆ పిల్లాడు సెలవుల్లో ఎలక్ట్రీషియన్ వెంట పనికి పోతున్నాడు. ముప్పై ఎనిమిదిలో ఇప్పటికి పదకొండు వేలు తీర్చాడు. ఇంకా ఇరవై ఏడు ఉంది. ఎప్పుడు తీరుతుందో చెప్పలేను గానీ, ప్రతి నెలా పుస్తకంలో అంకె తగ్గుతోంది. మొన్న ఆ పుస్తకం నాకు చూపిస్తూ, "అన్నా, ఈ నంబరు మాత్రం నేను చెప్పినట్టు వింటోంది" అన్నాడు.

అత్తదీప భవ అని మనం గోడల మీద రాసుకుంటాం. నీ దీపం నువ్వే అని అర్థం. ఆ దీపం వెలిగించడానికి డ్రా తియ్యక్కర్లేదు.

ఈ ఆదివారం విహారానికి వచ్చే ముందు మీ ఇంట్లో ఒక్కసారి ట్రంకు పెట్టె తెరిచి చూడండి. ఇప్పుడది సెల్ ఫోన్‌లో ఉంటుంది.

సాధు! సాధు! సాధు!
జై భీమ్! నమో బుద్ధాయ!